టాంసులోసిన్ వాడే పెద్దాయన, మూడున్నర మి.మీ. కంటిపాప: హుక్కులా, రింగా?

ఆదోని_పత్తి | ఆదోని | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మంగళవారానికి పెట్టుకున్న శుక్లం కేసు ఒకటి నిద్రపట్టనీయడం లేదు. సలహా కావాలి.

72 ఏళ్ల రైతు, కుడికన్ను. లెన్సు మధ్యలోని గట్టి భాగం, న్యూక్లియస్, గోధుమరంగుకు తిరిగింది, గ్రేడ్ 3 దాటింది. ట్రాపికామైడ్-ఫినైలెఫ్రిన్ చుక్కలు పావుగంటకోసారి మూడుసార్లు వేసినా పాప మూడున్నర మి.మీ. దగ్గరే నిలబడిపోయింది. స్లిట్‌ల్యాంప్ కింద పెడితే పాప అంచు పొడుగునా తెల్లటి పొట్టు, చుండ్రు రాలినట్టు. సూడోఎక్స్‌ఫోలియేషన్ అని రాసుకున్నా. అది చాలదన్నట్టు, కొడుకు చీటీల సంచి విప్పితే అందులో ప్రోస్టేట్ మాత్ర టాంసులోసిన్ 0.4, నాలుగేళ్లుగా రోజూ రాత్రి.

ఎడమకన్ను రెండేళ్ల కిందట వేరేచోట చేయించుకున్నాడు. చూపు బాగానే ఉంది గానీ పాప గుండ్రంగా లేదు. కోడిగుడ్డు మాదిరి ఒక పక్కకు జారింది, అంచు రెండుచోట్ల తెగింది. "రాత్రిపూట లారీ ఎదురొస్తే కన్నంతా తెల్లగా అయిపోతాది సార్. ఈ కన్ను గూడ అట్లే చేస్తావా?" అని అడిగినాడు. సమాధానం చెప్పలేక చీటీ రాస్తున్నట్టు తల వంచుకున్నా.

నేను సొంతంగా ఫేకో (చిన్న గాటులోంచి మిషన్‌తో శుక్లం తీయడం) చేయడం మొదలుపెట్టి రెండేళ్లు. పాపను తెరిచి పట్టుకునే హుక్కులు ఆరు కేసుల్లో వేసినా. అదే పని చేసే రింగు ఒక్కసారీ వేయలేదు. మా ఓటీలో రింగు లేదు కూడా. ఈ కేసుకు ఏది మేలు?

---

గుత్తి_కోట | గుత్తి | శుక్రవారం రాత్రి 9:52

హుక్కులు. అయిపాయ చర్చ. పోయి పడుకో తమ్ముడూ.

---

బురుజు_నీడ | కర్నూలు | శుక్రవారం రాత్రి 10:30

గుత్తి వాళ్లకు అన్నిటికీ తొందరే. ఏ పనిముట్టు అనేది చివర్న వచ్చే ప్రశ్న తమ్ముడూ. ముందు ఇవి చెప్పు. పాప కొలత చుక్కలు వేసిన ఎంతసేపటికి తీసుకున్నావు? కన్ను అటూ ఇటూ తిప్పమన్నప్పుడు లెన్సు వణుకుతోందా? రెండు కండ్లలో ప్రెషర్ ఎంత? నల్లగుడ్డు వెనక నీళ్లుండే ముందుగది రెండు కండ్లలో ఒకే లోతు ఉందా? పాప ఎక్కడైనా లెన్సుకు అతుక్కుని ఉందా?

ఎందుకడుగుతున్నానంటే, చిన్న పాపలన్నీ ఒకటి కాదు. షుగరు పేషెంటుది నరాల పట్టు తప్పి పెద్దది కాదు. యువైటిస్ (కంటి లోపలి వాపు) వచ్చిపోయిన కన్నుది అతుక్కుని పెద్దది కాదు, అతుకు విడదీస్తే సగం పని అయిపోతుంది. ఏళ్ల తరబడి పైలోకార్పిన్ వేసినవాళ్లది బిగుసుకుపోయి ఉంటుంది. నీ పెద్దాయనకు రెండు జబ్బులు ఒకే చోట కలిసినాయి. ఎక్స్‌ఫోలియేషన్‌లో ఆ పొట్టు పదార్థం ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు పొర) లోపలికీ చేరి కండరాన్నే పాడుచేస్తుంది. లెన్సు సంచిని పట్టుకున్న దారాలను కూడా అదే తినేస్తుంది. టాంసులోసిన్ పాపను పెద్దది చేసే కండరం మీద కూర్చుంటుంది. ఒకటి గట్టిపడిన ఐరిస్, ఇంకొకటి వదులైన ఐరిస్. రెండూ కలిస్తే ఎట్లుంటుందో కన్ను తెరిచేదాకా తెలియదు.

ఆ మాత్ర సంగతి: 2005లో అమెరికాలో డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ దీనికి ఫ్లాపీ ఐరిస్ అని పేరు పెట్టేదాకా మనమందరం "ఈరోజు చెయ్యి బాగలేదు" అనుకుని ఇంటికి పోయినవాళ్లమే. మూడు గుర్తులు చెప్పినారు. నీళ్ల ఒత్తిడికి ఐరిస్ అలలా ఊగడం, గాటుల్లోంచి బయటికి తోసుకురావడం, ఆపరేషన్ నడుస్తుండగానే పాప అంతకంతకూ ముడుచుకోవడం. నువ్వు చూసిన మూడున్నర మొదట్లో ఉండే మూడున్నర. మధ్యలో ఎంత ఉంటుందో లెక్కేసుకో.

---

ఆదోని_పత్తి | ఆదోని | శుక్రవారం రాత్రి 10:48

సార్, కొలత చివరి చుక్క వేసిన 20 నిమిషాలకు తీసుకున్నా. ప్రెషర్ కుడి 18, ఎడమ 16. అతుకులు లేవు. వణుకు కచ్చితంగా ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను. కుడివైపు ముందుగది కొంచెం తక్కువ లోతుగా ఉన్నట్టు అనిపించింది. మాత్ర వారం రోజులు ఆపిస్తే ఏమన్నా లాభమా?

---

బురుజు_నీడ | కర్నూలు | శుక్రవారం రాత్రి 11:05

ఆపొద్దు. ఆపినా ఐరిస్ మామూలుగా మారదు. మాత్ర మానేసి ఏడాదులైనవాళ్లలో కూడా ఐరిస్ ఊగింది. ఊరికే ఆపితే ఆ మనిషికి ఒంటేలు బిగుసుకుంటుంది. కొందరు ఆపరేషన్‌కు ముందు ఆట్రోపిన్ చుక్కలు మొదలుపెడతారు. ఆట్రోపిన్ వేస్తూ టాంసులోసిన్ ఆపితే రాత్రికి రాత్రే క్యాథెటర్ కోసం పరుగెత్తాలి. నా కంటిముందు జరిగింది. ఎక్కడో అడగొద్దు.

ముందుగది లోతులో తేడా అన్నావు కదా, అది వదలొద్దు. దారాలు వదులైతే లెన్సు ముందుకు జరుగుతుంది. వణుకు కంటే ముందే కనబడే గుర్తు అదే.

---

అనంత_రేఖ | అనంతపురం | శనివారం ఉదయం 6:15

వాకింగ్‌కు పోయేముందు చూసినా. రాత్రి ఇంత నడిచిందా?

పనిముట్టు దాకా పోయేముందు మందులతో ఎంత తెరుచుకుంటుందో చూసుకోవాలి బాబూ. ముందురోజు నుంచే నెపాఫెనాక్ గానీ ఫ్లర్బిప్రోఫెన్ గానీ వేయించు. అవి పాపను పెద్దది చేయవు, మధ్యలో ముడుచుకోకుండా ఆపుతాయి. ఆపరేషన్ రోజు సైక్లోపెంటోలేట్ ఒక చుక్క కలుపు. 10 శాతం ఫినైలెఫ్రిన్ జోలికి పోవద్దు. ఆ వయసులో బీపీ చప్పున లేస్తుంది, 5 శాతం చాలు.

కన్ను తెరిచాక మొదట ముందుగదిలోకి పలచన చేసిన అడ్రినలిన్ వెయ్యి. 1:1000 ఆంప్యూల్‌ను బీఎస్ఎస్ ఉప్పునీళ్లతో నాలుగు రెట్లు చేసుకుంటే 1:4000. ఒక నిమిషం ఊరికే ఆగు. సర్జన్లకు అన్నిటికంటే కష్టమైన పని ఆ ఒక్క నిమిషం ఆగడమే. ఫ్లాపీ ఐరిస్‌లో దీనివల్ల పాప పెద్దది కాకపోయినా ఐరిస్‌కు కొంచెం బిర్రు వస్తుంది, ఊగడం తగ్గుతుంది. తర్వాత మంచి చిక్కటి విస్కో, కంట్లో చోటు నిలబెట్టే జెల్లీ. ఒట్టి హెచ్‌పీఎంసీ జెల్లీతో ఈ పాప నిలబడదు, అది తొందరగా కారిపోతుంది.

ఇంకొక మాట. రెండు హుక్కులు పెట్టి పాపను ఎదురెదురు సాగదీసే పద్ధతి ఉంది చూడు, షుగరు కేసుల్లో, పైలోకార్పిన్ కేసుల్లో బాగా పనిచేస్తుంది. ఇక్కడ పనికిరాదు. ఫ్లాపీ ఐరిస్ లుంగీ నాడా లాంటిది. లాగితే వస్తుంది, వదిలితే మళ్లీ అక్కడికే పోతుంది. అంచు మాత్రం చిరుగుతుంది. అంచును చిన్న చిన్నగా కత్తిరించడం కూడా అంతే. మీ పెద్దాయన ఎడమకన్ను బహుశా అట్లాంటి పనే.

---

గుత్తి_కోట | గుత్తి | శనివారం ఉదయం 8:20

రాత్రి ఒక్క ముక్కలో చెప్పినందుకు సార్ తిట్టినాడు కాబట్టి ఇప్పుడు వివరంగా.

హుక్కులు ఎందుకంటే మూడు కారణాలు. ఒకటి, మన ఊర్లలో ఇచ్చే ప్యాకేజీలో రింగు ఖరీదు ఇమడదు. హుక్కుల సెట్టు జాగ్రత్తగా చూసుకుంటే చాలా కేసులకు వస్తుంది. రెండు, అసలు కారణం. ఈ కంట్లో దారాలు వదులని అనుమానం ఉంది కదా. మధ్యలో సంచి ఊగితే ఐరిస్‌ను పట్టుకున్న హుక్కునే వదిలి రెక్సిస్ (సంచి ముందుభాగంలో కోసిన గుండ్రటి కంత) అంచుకు తగిలించి సంచిని నిలబెట్టుకోవచ్చు. రింగు ఆ పని చేయలేదు. రింగు పాపను తెరుస్తుంది, అంతే. మూడో కారణం, తమ్ముడికి హుక్కుల మీద చేయి ఉంది. కొత్త పనిముట్టు నేర్చుకోవడానికి ఈ కన్ను కాదు.

వేసే తీరు: నాలుగు హుక్కులు, చతురస్రం మాదిరి కాదు, వజ్రం మాదిరి. అంటే ఒక హుక్కు సరిగ్గా మెయిన్ గాటు కిందికి రావాలి. 2002లో ఓటింగ్ వాళ్లు రాసిన పద్ధతి ఇది. గాటు కిందున్న ఐరిస్‌ను ఆ హుక్కు వెనక్కి, కిందికి లాగి పట్టుకుంటుంది. ఫేకో టిప్పు పోయేదారికి ఐరిస్ అడ్డం రాదు, గాటులోంచి బయటికి రావడమూ తగ్గుతుంది. చతురస్రంగా వేస్తే గాటు ముందర ఐరిస్ గుడారం కొట్టినట్టు లేస్తుంది. నువ్వు టిప్పు పెట్టిన ప్రతిసారీ దాన్నే గీకుతావు.

పక్క గాట్లు లింబస్‌కు (నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే గీతకు) కొంచెం వెనకగా, ఐరిస్‌కు సమాంతరంగా. నిటారుగా పొడిస్తే హుక్కు ఐరిస్‌ను కార్నియా వైపు ఎత్తిపెడుతుంది. నాలుగూ తగిలించినాకనే బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోది వెతకొద్దు. పోగుపోగుగా, మంచం నవారు బిగించినట్టు ఒక్కో చుట్టు ఒక్కొక్కటి. 5 మి.మీ. వచ్చిందా, చాలు. ఏడు కావాలని ఆశపడితే అంచు కండరం తెగుతుంది, పాప జీవితాంతం తెరుచుకునే ఉంటుంది.

---

అనంత_రేఖ | అనంతపురం | శనివారం ఉదయం 9:40

రెండో కారణం ఒప్పుకుంటున్నా. మొదటిది కొంతవరకే. మూడోదానికి అభ్యంతరం ఉంది. ఎప్పుడూ "ఈ కన్ను కాదు" అనుకుంటూ పోతే ఏ కన్ను?

రింగు గురించి తెలియనివాళ్ల కోసం చెబుతా. మాస్కో డాక్టరు బోరిస్ మల్యుగిన్ చేసిన రింగు ఒకే పాలీప్రొపిలీన్ పోగు. నాలుగు మూలల్లో నాలుగు చుట్లు ఉంటాయి, జిలేబీ మొదలుపెట్టినప్పుడు మొదటి తిప్పు వచ్చినట్టు. ఆ చుట్ల సందులో పాప అంచు ఇరుక్కుంటుంది. నాలుగు చుట్లు, వాటి మధ్య నాలుగు గీతలు, మొత్తం ఎనిమిది చోట్ల ఒత్తిడి పంచుకుంటుంది. అందుకే తీసేశాక పాప హుక్కుల కేసుకంటే గుండ్రంగా వస్తుంది. 6.25, 7 మి.మీ. రెండు సైజులు. మన కండ్లకు 6.25 చాలు. వేరే గాట్లు అక్కర్లేదు, మెయిన్ గాటు లోంచే పోతుంది.

నా మొదటి రింగు కథ చెప్తా వినండి. ఇంజెక్టర్ తోసినా, ముందు చుట్టు అవతలి అంచును చక్కగా పట్టుకుంది. నాకు ఆనందం. ఆ ఆనందంలో గబుక్కున మిగతాది తోసేసరికి పక్క చుట్టు ఒకటి ఐరిస్ కిందికి పోకుండా పైనే తేలింది. దాన్ని సిన్‌స్కీ హుక్కుతో కిందికి నొక్కుతుంటే అవతలిది జారింది. దాన్ని సరిచేస్తే ఇవతలిది. పది నిమిషాలు. అప్పటికే రెక్సిస్ చేసి ఉన్నా. చివరికి నాలుగూ కూర్చున్నాయని సంబరపడి చూస్తే ఒక చుట్టులో ఐరిస్‌తో పాటు రెక్సిస్ అంచు కూడా ఉంది. ఇంకొంచెం లాగి ఉంటే సంచి చినిగేదే. ఆ రోజు నుంచి నాది ఒకటే పద్ధతి. రెక్సిస్‌కు ముందే రింగు. ఎప్పుడన్నా తర్వాత వేయాల్సి వస్తే ఐరిస్‌కూ సంచికీ మధ్య విస్కో నింపి ఐరిస్‌ను బాగా ఎత్తుకుని వేస్తా.

కోల్‌కతా డాక్టరు సువేన్ భట్టాచార్జీ చేసిన ఆరు మూలల రింగు కూడా ఉంది, బీ-హెక్స్ అంటారు. చుట్లు లేవు, పలచగా ఒకే మట్టంలో ఉంటుంది. మూలల దగ్గర గాడులు, పక్కల రెక్కలను ఒకటి విడిచి ఒకటి అంచు కిందికి దూరుస్తాం. లోతు తక్కువ ఉన్న కంట్లో నాకు అదే సుఖం, కార్నియాకు తగలదు. ఆదోని అబ్బాయి కేసులో లోతు తక్కువ అన్నాడు కదా. నా దగ్గర ఒకటి ఉంది, సోమవారం ఎవరితోనైనా పంపిస్తా. కావాలంటే వాడు, లేకుంటే తిరిగి పంపు.

---

పెన్నా_ఒడ్డు | ప్రొద్దుటూరు | శనివారం మధ్యాహ్నం 2:10

పిల్లలందరూ బాగా రాస్తున్నారు. ఈ ముసలివాడి మాట కూడా వినండి.

న్యూక్లియస్ గోధుమరంగు. దారాలు వదులు. పాప చిన్నది. ఇందులో ఫేకో ఎందుకప్పా? ఎస్ఐసీఎస్, మిషన్ లేకుండా చేత్తో తీసే పద్ధతి, చెయ్యి. క్యాంపు రోజుల్లో మేము రింగు చూడలేదు, హుక్కు చూడలేదు. వ్యానస్ కత్తెరతో పాప అంచుకు కింద ఒక చిన్న గాటు, న్యూక్లియస్‌ను చక్రం తిప్పినట్టు తిప్పి ముందుగదిలోకి తేవడం, టన్నెల్ లోంచి బయటికి. ఆరు నిమిషాలు. జనం చూపుతో ఇంటికి పోయినారు.

---

బురుజు_నీడ | కర్నూలు | శనివారం మధ్యాహ్నం 3:00

సార్, మీ చేతి పని నాకు తెలుసు. మీ టన్నెల్ చూసే నేను టన్నెల్ నేర్చుకున్నా. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో పీజీ చదివే రోజుల్లో మేమందరం చేసింది అదే.

కానీ ఈ ఐరిస్ వేరే. ఆరేడు మి.మీ. టన్నెల్ తెరిస్తే న్యూక్లియస్ కంటే ముందు ఐరిస్ బయటికి వస్తుంది. లోపలికి తోసేకొద్దీ ఇంకా వస్తుంది. కత్తెర గాటు వేసినా వదులు ఐరిస్‌కు ఒరిగేది ఏమీ లేదు. ఇక ఆ పెద్దాయన అడిగింది ఏమిటి? "ఈ కన్ను గూడ అట్లే చేస్తావా" అని.

---

పెన్నా_ఒడ్డు | ప్రొద్దుటూరు | శనివారం సాయంత్రం 5:30

ఆ మాట మళ్లీ చదివినా. ఆ ఎడమకన్ను నా చేతిది కాదు, ఆదోనిలో నేనెప్పుడూ క్యాంపు చేయలేదు. నాలాంటి చేతిదే. అప్పట్లో లారీ లైట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఎస్ఐసీఎస్ వద్దనను. కావాలంటే హుక్కులతో ఎస్ఐసీఎస్ చేయొచ్చు. న్యూక్లియస్ ముందుగదిలోకి వచ్చినాక బయటికి తీసేముందు టన్నెల్ వైపు హుక్కు వదులు చెయ్యాలి, అంతే. మరిచిపోతే న్యూక్లియస్‌తో పాటు ఐరిస్ వేరు కూడా ఊడి వస్తుంది. చూసి చెబుతున్నా.

---

డోన్_అబ్బాయి | డోన్ | శనివారం రాత్రి 7:45

నేను డాక్టర్ని కాదు, వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. సగం అర్థం కాలేదు గానీ భయం మాత్రం బాగా వేసింది. మా అమ్మకు కిడ్నీలో రాయి ఉంటే నెల కిందట ఇదే మాత్ర ఇచ్చినారు, పది రోజులు వేసుకుంది. వచ్చే వారం కంటి ఆపరేషన్. ఆపరేషన్ మానుకోవాలా? రింగుకు వేరే డబ్బు కట్టమంటే కట్టాలా?

---

గండికోట_అద్దాలు | కడప | శనివారం రాత్రి 8:30

డోన్ అబ్బాయీ, భయపడకు. నేను కంటి డాక్టరు దగ్గర ఆప్టోమెట్రిస్టుని. ఆపరేషన్ మానుకోవాల్సిన పని లేదు. ఆ మాత్ర అట్టముక్క, పాతదైనా సరే, పర్సులో పెట్టుకుని పోయి డాక్టరు ముందు పెట్టు. ఎన్ని రోజులు వేసుకుందో చెప్పు. తెలిస్తే డాక్టరు సిద్ధంగా ఉంటాడు, ప్రమాదం తెలియకపోవడంలోనే. చుక్కలు వేసినప్పుడు మీ అమ్మ పాప బాగా పెద్దదైతే రింగు అవసరమే రాకపోవచ్చు. డబ్బు మాట ముందే అడుగు, సిగ్గుపడొద్దు.

డాక్టర్లందరికీ కూడా ఒక మాట. ఓపీలో నేను "టాంసులోసిన్ వాడతారా" అని అడిగితే ఇంతవరకు ఒక్క పెద్దాయన అవునన్న పాపాన పోలేదు. "ప్రోస్టేట్ మాత్ర" అన్నా లేదనే అంటారు. పక్కన కోడలు ఉంటే అసలు నోరే విప్పరు. నేను అడిగే తీరు వేరే. "పెద్దాయనా, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు?" అంటా. "ఇంతకుముందు ఐదారుసార్లు, ఇప్పుడు రెండుసార్లే" అంటాడు. "ఎట్ల తగ్గింది?" అంటే అప్పుడు మాత్ర బయటికి వస్తుంది. 2020 ఫిబ్రవరిలో కర్నూలులో అవ్వాతాతల కంటి వెలుగు మొదలైనాక మా వైపు కూడా వరసగా పెద్దవాళ్లను చూసినాం, ఈ ప్రశ్న అప్పుడు పట్టుబడింది. ఆడవాళ్లను మాత్రం చాలాకాలం అడగలేదు. మన సీమలో రాళ్ల బాధ ఎక్కువగా చూస్తుంటాం కదా, రాయి పడిపోవడానికి ఇదే మాత్ర ఆడవాళ్లకూ రాస్తారు. ఇప్పుడు అందరినీ "రాయి ఉన్నిందా" అని కూడా అడుగుతున్నా. ఆల్ఫుజోసిన్, సిలోడోసిన్ పేర్లు కనబడినా ఎర్రపెన్నుతో రాస్తా.

---

ఓటీ_సిస్టర్ | అనంతపురం | ఆదివారం ఉదయం 10:10

సార్లు, మేడమ్‌లు చుక్కలు, హుక్కులు అంటూ రాస్తున్నారు గానీ ట్రేలో అవి ఎట్ల వస్తాయో ఎవరూ రాయలేదు. నేను రాస్తా.

అడ్రినలిన్ ఆంప్యూల్ తీసేముందు పెట్టె మీద చదవండి. చాలా వాటిలో బైసల్ఫైట్ అనే నిల్వ మందు ఉంటుంది. అది నేరుగా కంట్లోకి పోతే కార్నియా లోపలి పొర దెబ్బతింటుంది. అది లేనిది దొరికితే మేలు, దొరకకపోతే కచ్చితంగా పలచన చేయాలి. పలచన చేసిన సిరంజికి వెంటనే చీటీ అంటించాలి. పక్కనే లిగ్నోకెయిన్ సిరంజి, ట్రైపాన్ బ్లూ సిరంజి ఉంటాయి. నీలం ఒక్కటే కనబడుతుంది, మిగతా రెండూ నీళ్లే.

హుక్కుల లెక్క. నేను ఇంతకుముందు పనిచేసినచోట ఒకసారి నాలుగు ఇచ్చినాను, చివర్న ట్రేలో మూడు. సార్ ముఖం మాడిపోయింది. సూక్ష్మదర్శిని కింద మూల మూలా చూసినాం, కంట్లో లేదు. పేషెంటు "అయిపోయిందా తల్లీ" అని అడుగుతున్నాడు, "అయిపోవస్తోంది తాతా" అంటున్నా. ఇరవై నిమిషాలకు దొరికింది, డ్రేపు అంటు మీద అతుక్కుని, వెంట్రుక మాదిరి సన్నంగా. ఆ రోజు నుంచి ఒక్కోటి ఇచ్చేటప్పుడు పైకి లెక్కబెడతా, తీసుకునేటప్పుడు పైకి లెక్కబెడతా. సార్లకు విసుగు. ఉండనీ.

మళ్లీ వాడే హుక్కుల సిలికాన్ బిళ్ల వదులైందా లేదా ముందురోజే చూసి పెట్టండి. వదులైన బిళ్ల మధ్యలో జారుతుంది.

---

ఆదోని_పత్తి | ఆదోని | ఆదివారం రాత్రి 9:00

అందరికీ దండాలు. ఇప్పటికి నా ప్లాన్: నెపాఫెనాక్ ఈరోజు నుంచే మొదలుపెట్టించినా. మాత్ర ఆపలేదు. అడ్రినలిన్ పలచనగా, తర్వాత చిక్కటి విస్కో. రెక్సిస్‌కు ముందే తెరిచే పనిముట్టు. లెన్సు కదులుతున్నట్టు అనిపిస్తే హుక్కులు, లేకుంటే మేడం పంపే రింగు. సంచిని లోపలినుంచి సాగదీసి నిలబెట్టే క్యాప్సులర్ టెన్షన్ రింగు కూడా పక్కన పెట్టుకుంటున్నా. మిషన్ సెట్టింగులు ఎవరైనా చెబుతారా?

---

గుత్తి_కోట | గుత్తి | ఆదివారం రాత్రి 9:25

అంకెలు మిషన్‌ను బట్టి మారతాయి, ఒకరివి ఇంకొకరికి కుదరవు. దిక్కు మాత్రం ఒకటే. బాటిల్ దించు, ఫ్లో తగ్గించు, వ్యాక్యూమ్ ఓ మోస్తరు. మామూలుగా చేసేదానికంటే నింపాదిగా. నీళ్ల ధార ఐరిస్ కిందికి దూరకుండా చూసుకో, కింద దూరితేనే అది పడగ విప్పుతుంది. హైడ్రోడిసెక్షన్‌కు (నీళ్లతో లెన్సును సంచి నుంచి విడదీయడానికి) ముందు కొంచెం విస్కో బయటికి వదులు, తర్వాత మెల్లగా. నిండుగా ఉన్న కంట్లో నీళ్లు గట్టిగా కొడితే పోయే దారి లేక ఐరిస్‌ను పట్టుకుని గాటులోంచి దూకుతాయి. టిప్పు బయటికి తీసే ప్రతిసారీ ముందు పక్క గాటులోంచి విస్కో నింపి అప్పుడు తియ్యి.

మెయిన్ గాటు కొంచెం పొడుగు టన్నెల్‌గా వెయ్యి. పొట్టి గాటు ఫ్లాపీ ఐరిస్‌కు రాచబాట.

---

ఆదోని_పత్తి | ఆదోని | మంగళవారం రాత్రి 8:50

అయిపోయింది. జరిగింది జరిగినట్టు చెబుతా.

అడ్రినలిన్‌తో నాలుగున్నర దాకా వచ్చింది. ఒక నిమిషం గోడ గడియారం చూస్తూ ఆగినా, మేడం. చూడటానికి బాగానే ఉంది, ఏ పనిముట్టూ లేకుండా లాగించేద్దామా అని బుద్ధి పుట్టింది. విస్కో ఎక్కించి సూదితో సంచి మీద మొదటి గాటు పెట్టినా. లెన్సు మొత్తం సూదితో పాటు అటువైపు జరిగింది, సంచి మీద గట్టి గీతలు. అక్కడే ఆపి నాలుగు హుక్కులు, వజ్రం మాదిరి. మూడోది బిగించేటప్పుడు చెయ్యి ఎక్కువైంది, అంచున చిన్న రక్తం చుక్క. విస్కో ఎక్కించి నొక్కి పెడితే ఆగింది. హుక్కు వదులు చేసి 5 దగ్గర ఆపేసినా.

న్యూక్లియస్ రెండో సగం తీసేటప్పుడు ఐరిస్ హుక్కుల మధ్య తడిపంచె నీళ్లలో తేలినట్టు ఊగింది. గాటులోకి మాత్రం రాలేదు. గాటు కింద హుక్కు లేకుంటే ఏమయ్యేదో. టెన్షన్ రింగు వేసి, సంచిలో లెన్సు పెట్టినా. సిస్టర్ నాలుగూ పైకి లెక్కబెట్టింది. ఇక్కడ చదివిందంట.

---

బురుజు_నీడ | కర్నూలు | మంగళవారం రాత్రి 9:15

బాగుంది. ఆ మొదటి గాటు దగ్గర ఆగినావు చూడు, అదే ఆపరేషన్.

రేపు పొద్దున ప్రెషర్ తప్పకుండా చూడు. ఎక్స్‌ఫోలియేషన్ కంట్లో కొంచెం విస్కో మిగిలినా ప్రెషర్ ఎగబాకుతుంది. ఐరిస్‌ను ఇంత కదిలించినావు కాబట్టి స్టెరాయిడ్ చుక్కలు మామూలు కంటే ఎక్కువసార్లు, మెల్లగా తగ్గించు. దారాలు ఇప్పుడు నిలబడినా ఏళ్లు గడిచాక సంచితో సహా లెన్సు జారే కండ్లు ఇవి. గ్లాకోమా కూడా ఇక్కడే పుడుతుంది. ఏటా రమ్మని కొడుకుతో చెప్పు. పెద్దాయనతో చెబితే రాడు.

---

ఆదోని_పత్తి | ఆదోని | బుధవారం మధ్యాహ్నం 1:30

ప్రెషర్ 24 ఉంది సార్, మాత్ర, చుక్కలు ఇచ్చినా. సాయంత్రం మళ్లీ చూస్తా. కార్నియా గాటు దగ్గర కొంచెం మబ్బు. చూపు 6/12. పాప దాదాపు గుండ్రం, రక్తం వచ్చినచోట ఒక చిన్న సొట్ట.

కట్టు విప్పగానే పెద్దాయన ఎడమకన్ను మూసుకుని కిటికీలోంచి చూసినాడు. తర్వాత కుడికన్ను మూసుకుని చూసినాడు. "దీంట్లో ఎండ ఎండ మాదిరి ఉండాది సార్" అన్నాడు. లారీ సంగతి రాత్రికి చెప్తానన్నాడు. ఎడమకన్నుకు ఏమన్నా చేయొచ్చా అని కొడుకు అడుగుతున్నాడు.

---

అనంత_రేఖ | అనంతపురం | బుధవారం మధ్యాహ్నం 2:20

పాప అంచును దారంతో కుట్టి గుండ్రం చేయొచ్చు. చెన్నైలో అమర్ అగర్వాల్ చెప్పిన ఒకసారి గుచ్చి నాలుగు మెలికలు వేసే ముడి చక్కగా నిలబడుతుంది. కానీ తొందరేం లేదు. కుడికన్ను కుదురుకోనీ. అప్పటికీ రాత్రిపూట ఇబ్బంది పెడితే ఆలోచిద్దాం. అందాకా రాత్రి మోటారుసైకిల్ కొడుకునే నడపమను.

అదట్లుంచు, నా రింగు?

---

ఆదోని_పత్తి | ఆదోని | బుధవారం మధ్యాహ్నం 2:35

సీలు కూడా తీయలేదు మేడం. రేపు మా కాంపౌండరు గుంతకల్లు మీద అనంతపురం వస్తున్నాడు, అతనితో పంపిస్తా.

---

గుత్తి_కోట | గుత్తి | బుధవారం మధ్యాహ్నం 2:41

మేడం, ఎట్లాగూ గుత్తి మీదుగానే వస్తుంది కదా. రెండ్రోజులు నా దగ్గర పెట్టుకోనా? శుక్రవారం ఒక షుగరు పేషెంటు ఉన్నాడు, 4 మి.మీ.